తొలివారు సరే, రెండోవారు ఏరీ?

2016 జూన్ 30 రాత్రి సికింద్రాబాద్‌లోని మా అద్దె గదిలో ఫోను పట్టుకుని, నార్వేలో జరుగుతున్న ఒక మ్యాచ్ వివరాలు అక్షరాల్లో వస్తుంటే చదువుతూ కూర్చున్నాను. ఓస్లో పక్కనున్న బేరుమ్‌కు చెందిన స్టాబెక్ క్లబ్‌కూ, వేల్స్‌కు చెందిన కానాస్ కీ నోమాడ్స్‌కూ మధ్య యూరోపా లీగ్ అర్హత పోటీ అది. నేను మేలుకుని ఉన్నది ఒక్క పేరు కోసం. స్టాబెక్ తుది జట్టులో గోల్‌కీపర్ స్థానంలో గుర్‌ప్రీత్ సింగ్ సంధు అని ఉంది. మొహాలీలో పెరిగి, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో ఆడి, 22 ఏళ్ల వయసులో నార్వే వెళ్లిన దాదాపు ఆరున్నర అడుగుల పొడగరి అతను. యూరప్ స్థాయి క్లబ్ పోటీలో అక్కడి జట్టు మొదటి పదకొండుమందిలో ఒక భారతీయుడు ఉండటం అదే మొదలు. అరగంట గడిచిందో లేదో అతని పేరు పక్కన ఎర్ర బాణం గుర్తు పడింది. గాయపడి బయటికి వచ్చేశాడు. నేను మాత్రం ఆ పేజీని మూయలేక మ్యాచ్ అయిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత అతని గురించి చదివిన ప్రతి వార్తలోనూ రెండు మాటలు తప్పకుండా కనిపించాయి: 'తొలి భారతీయుడు'. ఆ మాటలు నిజమే. ఆ గౌరవం అతనిదే. కానీ ఆ ఏడాది నుంచి నేను ఆ రెండు మాటలను లెక్కపెట్టుకుంటూ వస్తున్నాను. 1936లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్‌కు ఆడిన మహమ్మద్ సలీం తొలివాడు. 1999లో ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్న భైచుంగ్ భూటియా తొలివాడు. 2016లో గుర్‌ప్రీత్ తొలివాడు. 2020లో స్కాట్లండ్ క్లబ్ రేంజర్స్‌లో చేరిన బాలా దేవి, విదేశీ క్లబ్‌తో ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకున్న తొలి భారతీయ మహిళ. 2022లో యూరప్ మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడిన మనీషా కల్యాణ్ అక్కడా తొలి భారతీయురాలు. ఎనభై ఏళ్లు దాటినా మన ఫుట్‌బాల్‌లో విదేశాలకు వెళ్లిన ప్రతి మనిషికీ 'తొలి' అనే బిరుదు దొరుకుతోందంటే దాన్ని పండుగ చేసుకోవాలా, బాధపడాలా? నా మట్టుకు నాకు బాధే ఎక్కువ. ఒకరు నడిచిన చోట రెండోవారు నడవకపోతే గడ్డి మళ్లీ మొలుస్తుంది. ఆ తర్వాత వచ్చేవారు ఎవరైనా మళ్లీ మొదటి నుంచి గడ్డి తొక్కుకుంటూ పోవలసిందే.

సలీం కథ నాకు చాలా ఇష్టం కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్‌లో ఆడుతున్న అతన్ని బ్రిటన్‌లో ఉండే అతని సోదరుడు గ్లాస్గో తీసుకువెళ్లి, సెల్టిక్ మేనేజర్ విల్లీ మేలీ ఎదుట నిలబెట్టాడు. సలీం బూట్లు వేసుకోడు. పాదాలకు గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడతాడు. ఒక ఫొటో ఉంది, ఆసక్తి ఉన్నవారు తప్పక చూడాలి. సెల్టిక్ శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ కిందికి వంగి, ఈ కలకత్తా ఆటగాడి పాదానికి తన చేతులతో పట్టీ కడుతుంటాడు. 1936లో, మన దేశం ఇంకా తెల్లవారి పాలనలో ఉన్న రోజుల్లో, తీసిన ఫొటో అది. సలీం ఆడింది రెండే మ్యాచ్‌లు. ఆ రెండింటిలోనూ సెల్టిక్ భారీ తేడాతో గెలిచింది. అక్కడి పత్రిక అతన్ని భారతీయ గారడీవాడని మెచ్చుకుంది. క్లబ్ ఉండిపొమ్మంది. అతనికి ఇల్లు గుర్తొచ్చింది, తిరిగి వచ్చేశాడు. కొన్ని దశాబ్దాల తర్వాత అతను జబ్బుపడ్డాడని కొడుకు ఉత్తరం రాస్తే సెల్టిక్ నుంచి 100 పౌండ్లు వచ్చాయని చెబుతారు. ఎక్కడి నుంచో వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోయిన మనిషిని ఆ క్లబ్ అన్నేళ్లు గుర్తుపెట్టుకుంది.

సలీం తర్వాత భూటియా దాకా 63 ఏళ్లు. ఆ నడుమ కాలంలో మనకు ఆటగాళ్లు లేరా అంటే, మన ఫుట్‌బాల్‌కు అదే స్వర్ణయుగం. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ మైదానాల్లో ఆట నేర్చిన పీటర్ తంగరాజ్‌ను ఆ రోజుల్లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్‌గా గుర్తించారు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడవాడు. వీరిలో ఎవరూ విదేశీ క్లబ్ చొక్కా తొడుక్కోలేదు. అప్పటి రోజులు వేరు, పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగమే ఆటగాడికి బతుకుతెరువు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఒప్పుకోనిదల్లా, ఆ తర్వాతి రోజుల్లో కూడా మనం ఆ దారి గురించి ఆలోచించకపోవడం.

భూటియా విషయానికి వద్దాం. 1999 అక్టోబరులో, 22 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్ మూడో అంచె లీగ్‌లో ఉన్న బరీకి అతను ఆడటం మొదలుపెట్టాడు. అంతకుముందు ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్‌విచ్, ఆస్టన్ విల్లా క్లబ్‌ల దగ్గర ట్రయల్స్‌కు వెళ్లి, ఎంపిక కాలేదు. మొదటి గోల్ కోసం మరుసటి ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. మోకాలి గాయం వేధించింది. క్లబ్ అప్పుల్లో కూరుకుపోయింది, జట్టు కింది అంచెకు జారింది. మూడేళ్లలో అతను లీగ్‌లో ఆడింది దాదాపు 40 మ్యాచ్‌లు, కొట్టింది మూడు గోల్స్. ఈ అంకెలు చూపించి 'అక్కడ నెగ్గుకురాలేకపోయాడు' అని తేల్చేసినవారిని నేను చాలామందిని చూశాను. తిరిగి రావడాన్ని ఓటమిగా చూడటం మనకు అలవాటైపోయింది. సిక్కిం కొండల నుంచి వచ్చిన ఒక కుర్రాడు, భాషా, వాతావరణమూ కొత్తగా ఉన్న చోట, చలిలో బురదలో తనకన్నా బరువైన డిఫెండర్ల మధ్య మూడేళ్లు నిలదొక్కుకున్నాడు. అక్కడ అతను నేర్చుకున్నదాన్ని, ఆ మూడేళ్ల రోజువారీ సాధన పద్ధతిని, తిండిని, గాయానికి చేసిన చికిత్సను మనలో ఎవరైనా కూర్చోబెట్టి రాయించుకున్నారా? అతని వెనుక వెళ్లవలసిన రెండోవాడికి పనికొచ్చేది ఆ మూడు గోల్స్ కాదు, అతను దాచుకున్న ఆ అనుభవం.

రెండోవాడు కావలసినవాడు సునీల్ ఛెత్రి. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు కావడంతో మా ఊళ్లో అతన్ని కొంచెం ఎక్కువ సొంతంగా చూసుకుంటాం. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతన్ని మూడేళ్ల ఒప్పందంతో తీసుకుంది. బ్రిటన్ మాత్రం పని అనుమతి ఇవ్వలేదు. కారణం అతని ఆట కాదు. అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలి, మన దేశం ఆ దరిదాపుల్లో కూడా లేదు. మన జట్టు చరిత్రలో అత్యుత్తమ ర్యాంకు 94, అదీ 1996లో. అంటే ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ, మన దేశంలో ఎంతటి మేటి ఆటగాడు పుట్టినా ఇంగ్లండ్ క్లబ్ గడప దాటడం దాదాపు అసాధ్యం. 2021 నుంచి అక్కడ పాయింట్ల పద్ధతి వచ్చింది. అందులోనూ దేశపు ర్యాంకు, ఆడే లీగ్ స్థాయి లెక్కలోకి వస్తాయి కాబట్టి మనకు ఒరిగిందేమీ లేదు. విదేశాల్లో ఆడితేగాని దేశపు ర్యాంకు పెరగదు, ర్యాంకు పెరిగితేగాని విదేశాల్లో ఆడనివ్వరు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత నాకు ఇంత కచ్చితంగా సరిపోయిన చోటు ఇంకొకటి కనిపించలేదు.

ఛెత్రి 2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ విజార్డ్స్‌కు వెళ్లాడు. మాంచెస్టర్ యునైటెడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో మైదానంలోకి దిగాడు కానీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2012లో పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ అతన్ని తీసుకుని రెండో జట్టులో పెట్టింది. అక్కడ దక్కింది కొద్దిపాటి ఆటే, ఏడాది తిరగకముందే గోవాకు తిరిగి వచ్చాడు.

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఎదురువాదన కూడా ఛెత్రియే. ఇక్కడి క్లబ్‌లకు ఆడుతూనే అతను దేశం తరఫున 90కి పైగా గోల్స్ కొట్టాడు. మన గడ్డ మీద ఉండి కూడా అంతటివాడు కావచ్చని అతను నిరూపించాడు కదా, విదేశీ బెంచ్ మీద కూర్చోవడం దేనికి అని నా స్నేహితుడొకడు ప్రతిసారీ అడుగుతాడు. డబ్బు విషయంలోనూ అతని మాట కొట్టిపారేయదగింది కాదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) వచ్చాక మన జాతీయ జట్టు ఆటగాళ్లకు ఇక్కడ దొరికే జీతం, యూరప్‌లోని చిన్న లీగ్‌లు ఇచ్చేదానికన్నా చాలాసార్లు ఎక్కువ. కుటుంబం పక్కనుంటుంది, జట్టులో చోటు ఖాయం, టీవీలో మొహం కనిపిస్తుంది. ఇవన్నీ వదిలి తక్కువ జీతానికి చలిదేశం పోయి, పేరు పలకడం కూడా రాని కోచ్ ముందు మళ్లీ కొత్తవాడిలా నిలబడమని 24 ఏళ్ల కుర్రాడికి చెప్పడం తేలిక కాదు. వెళ్లనివాడిని నేను తప్పుపట్టను.

అయినా నా స్నేహితుడికి నేను చెప్పే జవాబు ఒకటుంది. 2024 జూన్‌లో ఛెత్రి జాతీయ జట్టుకు వీడ్కోలు పలికాడు. గోల్ కొట్టేవాడు దొరకక తొమ్మిది నెలలు తిరిగేసరికి, 40 ఏళ్ల వయసులో అతన్నే మళ్లీ పిలిచారు. 2025 మార్చిలో మాల్దీవులతో మ్యాచ్‌లో వచ్చీ రాగానే అతను గోల్ కొట్టాడు. అతని పట్టుదలకు చేతులెత్తి మొక్కుతాను. కానీ 140 కోట్ల దేశానికి రెండో స్ట్రైకర్ లేడన్న సంగతిని ఆ గోల్ మరుగుపరచలేదు. ఒక అసాధారణ మనిషి ఎక్కడున్నా ఎదుగుతాడు. అతని వెనుక ఉన్న ఇరవైమంది మామూలు మంచి ఆటగాళ్లు ఎదగడానికి ప్రతిరోజూ తమకన్నా మెరుగైనవారితో తలపడే చోటు కావాలి.

ఆ చోటు విలువ ఏమిటో నాకు కొంత తెలుసు. విశ్వవిద్యాలయ జట్టులో రెండేళ్లు నేను రెండో గోల్‌కీపర్‌ని. మ్యాచ్‌కు గంట ముందు గ్లవ్స్ అరచేతుల మీద నీళ్లు చిలకరించి, రెండు చేతులూ గట్టిగా రుద్దుకుంటాం. పొడిగా ఉంటే బంతి జారుతుంది, తడిస్తే రబ్బరు పట్టు పెరుగుతుంది. వేళ్లకు టేపు చుట్టుకుని, మొదటి గోల్‌కీపర్ కోసం ఇరవై నిమిషాలు బంతులు తన్ని, అతను లోపలికి వెళ్లగానే ఆ తడి గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. మిగతా సబ్‌స్టిట్యూట్లకు పిలుపు వస్తుందనే ఆశ ఉంటుంది. గోల్‌కీపర్‌కు పిలుపు రావాలంటే మొదటివాడికి దెబ్బ తగలాలి, అలా కోరుకోవడానికి మనసొప్పదు. మ్యాచ్ ముగిసేసరికి గ్లవ్స్ ఆరి అట్టకడతాయి. అయితే ఆ రెండేళ్లలో నేను నేర్చినదంతా వారంలో ఐదు రోజుల సాధనలో నేర్చిందే. మా జట్టు స్ట్రైకర్లలో ఒకడు తర్వాత రాష్ట్ర జట్టుకు ఆడాడు. అతని షాట్లు రోజూ యాభై ఆపవలసి రావడమే నా చదువు.

గుర్‌ప్రీత్ నార్వేలో ఉన్నది మూడేళ్లు. ఆడిన లీగ్ మ్యాచ్‌లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతనికి అడ్డుగా ఉన్న మొదటి గోల్‌కీపర్ సయూబా మాండే, 2014 ప్రపంచ కప్‌కు ఐవరీ కోస్ట్ జట్టులో వెళ్లినవాడు. మొదట్లో కోచ్‌గా ఉన్న బాబ్ బ్రాడ్లీ, 2010 ప్రపంచ కప్‌లో అమెరికా జట్టును నడిపినవాడు. 2014లో మన ఐఎస్‌ఎల్ తొలి సీజన్ అక్టోబరు 12న మొదలై డిసెంబరు 20న ముగిసింది. అంటే పట్టుమని పది వారాలు. నార్వే లీగ్‌లో 16 జట్లు, జట్టుకు 30 మ్యాచ్‌లు, వాటి చుట్టూ దాదాపు ఏడాది పొడవునా సాధన. ఆడకపోయినా ఆ సాధనలో ఉన్నవాడు, పది వారాలు ఆడి మిగతా ఏడాది ఖాళీగా ఉన్నవాడికన్నా వెనకబడ్డాడని ఎలా అనగలం?

ఫలితం చూడాలంటే 2019 సెప్టెంబరు 10 నాటి దోహా మ్యాచ్ చూడాలి. ప్రపంచ కప్ అర్హత పోటీలో ఆసియా చాంపియన్ ఖతార్‌తో వాళ్ల సొంత మైదానంలో మన జట్టు తలపడింది. ఛెత్రి అనారోగ్యంతో దిగలేదు. కెప్టెన్ పట్టీ గుర్‌ప్రీత్ చేతికి ఉంది. ఖతార్ ఆటగాళ్లు మొదటి నిమిషం నుంచి ఆఖరి నిమిషం దాకా షాట్ల మీద షాట్లు కొడుతూనే ఉన్నారు. ఆ మ్యాచ్‌లో అతని పాదాలను గమనించండి. షాట్ వచ్చే ముందే చిన్న చిన్న అడుగులతో కోణాన్ని మూసేస్తాడు, గాల్లోకి ఎగరవలసిన అవసరం సగం సార్లు రాకుండానే చూసుకుంటాడు. దూకి పట్టుకునే గోల్‌కీపర్లు మనకు ఎప్పుడూ ఉన్నారు. దూకనవసరం లేని చోట ముందే నిలబడటం మాత్రం మేటి స్ట్రైకర్ల ముందు వేల సార్లు నిలబడితే తప్ప రాదు. మ్యాచ్ 0–0తో ముగిసింది. ఆ ఒక్క పాయింటులో స్టాబెక్ బెంచ్ మీద గడిచిన మూడేళ్లూ ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. డిఫెండర్ సందేశ్ ఝింగన్ 2021లో క్రొయేషియాలోని షిబెనిక్‌కు 28 ఏళ్ల వయసులో వెళ్లాడు. అక్కడ గాయపడి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే కొన్ని నెలల్లో తిరిగి వచ్చాడు. బాలా దేవి రేంజర్స్‌లో చేరినప్పుడు ఆమెకు 30 ఏళ్లు రావడానికి నెల రోజులు కూడా లేవు. గోల్ కూడా కొట్టింది, ఆ తర్వాత మోకాలు దెబ్బతింది. అసలు చిక్కు ఈ వయసు దగ్గరే ఉంది. ఫిఫా నిబంధనల ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 18 నిండనిదే ఆటగాడు దేశం దాటి క్లబ్ మారకూడదు. 18 నుంచి 21 దాకా ఉన్న ఆ మూడు నాలుగేళ్లే కొత్త పద్ధతిని ఒంటికి పట్టించుకునే కాలం. మనవాళ్లు ఇక్కడ పేరు తెచ్చుకుని, జాతీయ జట్టులో స్థిరపడి, ఇక అన్నీ కుదిరాయనుకున్నాక బయలుదేరుతారు. అప్పటికి ఒళ్లు గాయాల నుంచి త్వరగా కోలుకునే వయసు దాటిపోతుంది.

ఈ విషయంలో మన ఆడపిల్లలు మగవారికన్నా ముందు నడుస్తున్నారు. మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్ అపోలోన్‌కు వెళ్లినప్పుడు ఆమెకు 20 ఏళ్లు. ఆ నెలను నేను మరచిపోలేను. నిర్వహణలో బయటివారి జోక్యం ఉందని 2022 ఆగస్టు 16న ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆసియా మహిళల క్లబ్ పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ చేరుకున్న గోకులం కేరళ అమ్మాయిలు, తమ తప్పేమీ లేకుండా, ఒక్క మ్యాచ్ ఆడకుండా వెనక్కి రావలసి వచ్చింది. అంతకుముందు వరకూ ఆ జట్టులోనే ఉన్న మనీషా మాత్రం ఆగస్టు 18న అపోలోన్ తరఫున చాంపియన్స్ లీగ్ మైదానంలో అడుగుపెట్టింది. రెండు రోజుల తేడాలో, ఒకే జట్టులో పెరిగిన ఆటగత్తెల్లో ఒకరికి తలుపు తెరుచుకుంది, మిగతావారి ముందు ఇంటివాళ్లే తలుపు మూసేశారు.

అదే ఏడాది చివర్లో మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది. అప్పుడామెకు 21 ఏళ్లు. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ ఆమెకు తోడుగా అదే క్లబ్‌లో చేరింది. ఇద్దరు కలిసి వెళ్లడం చిన్న విషయమని నేను అనుకోను. సలీంను వెనక్కి లాగింది ఇంటి మీది బెంగే కదా. సౌమ్య వెళ్లే ముందు ఆడిన జాతీయ మహిళా లీగ్‌లో గోకులం మొత్తం 11 మ్యాచ్‌లు ఆడి, పదకొండూ గెలిచి చాంపియన్ అయింది. ఆ పదకొండు మ్యాచ్‌లూ నెలన్నరలో అయిపోయాయి. ఏడాదిలో నెలన్నర లీగ్ ఆడే అమ్మాయి, ఏడాదంతా ఆడేవారి మధ్యకు వెళ్లి నిలబడాలి. సౌమ్య నిలబడింది, తిరిగి వచ్చింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడి 2024–25 జాతీయ లీగ్ గెలిచిన జట్టులో ఉంది, ఆ ఏడాదికి సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపిక చేసింది. మన తెలుగు పత్రికలు ఆమె జాగ్రెబ్ వెళ్లిన రోజున రాశాయి, అవార్డు వచ్చిన రోజున రాశాయి. మధ్యలో అక్కడ ఆమె ఎలా బతికింది, ఏ స్థానంలో ఆడించారు, ఏం కొత్తగా నేర్పారు అన్నది వివరంగా రాసినవారు నాకు కనిపించలేదు. మళ్లీ అదే తప్పు.

రెండోవారు ఎలా వస్తారో చూడాలంటే జపాన్ వైపు చూడాలి. 1977లో ఒకుదెరా యాసుహికో అనే పాతికేళ్ల ఆటగాడు జర్మనీ క్లబ్ కొలోన్‌లో చేరాడు. ఆ సీజన్‌లోనే ఆ జట్టు లీగ్, కప్పు రెండూ గెలిచింది. జపాన్‌లో అప్పటికి ప్రొఫెషనల్ లీగ్ కూడా లేదు. తొమ్మిదేళ్లు జర్మనీలో ఆడి 1986లో అతను ఇంటికి తిరిగి వస్తే, జపాన్ అతన్ని పాత వార్తగా పక్కన పెట్టలేదు. దేశంలో ప్రొఫెషనల్‌గా ఆడే అనుమతి మొదట పొందినవారిలో అతన్ని నిలబెట్టింది. 1993లో జె లీగ్ మొదలైంది. 1998లో నకాతా హిదెతోషి 21 ఏళ్లకే ఇటలీలోని పెరూజాకు వెళ్లి, మొదటి లీగ్ మ్యాచ్‌లోనే యువెంటస్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత ఎవరు ఎన్నోవారో లెక్కపెట్టడం జపాన్‌వాళ్లు మానేశారు. 2022 ప్రపంచ కప్‌కు వెళ్లిన వారి 26 మందిలో 19 మంది యూరప్ క్లబ్‌లలో ఆడుతున్నవారే.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది బెల్జియంలోని సింట్‌ట్రూయిడెన్ అనే చిన్న క్లబ్ కథ. 2017లో జపాన్ కంపెనీ డీఎంఎం ఆ క్లబ్‌ను కొనుక్కుంది. 2018లో 19 ఏళ్ల తొమియాసు అక్కడికి వెళ్లాడు, ఏడాదిన్నరలో ఇటలీకి, 2021లో ఆర్సెనల్‌కు చేరాడు. ఎండో వటారు అక్కడి నుంచే జర్మనీకి, చివరికి లివర్‌పూల్‌కు వెళ్లాడు. దేశం నుంచి నేరుగా పెద్ద క్లబ్‌కు దూకమనకుండా మధ్యలో ఒక మెట్టు కట్టి పెట్టారు. ఆ మెట్టు మీద సొంత భాష మాట్లాడేవారుంటారు, అన్నం దొరుకుతుంది, ఆడే అవకాశం ఉంటుంది, పెద్ద క్లబ్‌ల మనుషులు చూసిపోతుంటారు. మన క్లబ్‌ల యజమానుల్లో దేశంలోని పెద్ద పెద్ద వ్యాపార సంస్థలున్నాయి. ఒక చిన్న యూరప్ క్లబ్‌ను కొనడం వారికి తలకు మించిన పని కాదు.

మెట్టు లేని చోట మోసగాళ్లు నిచ్చెనలు అమ్ముతారు. మేం ఆదివారాలు పిల్లలకు ఆట నేర్పే మైదానంలో ఒక కుర్రాడు ఉండేవాడు. మంచి లెఫ్ట్ బ్యాక్, వేగం, ఓపిక రెండూ ఉన్నవాడు. ఒక ఏజెంటు అతని తండ్రికి తూర్పు యూరప్ క్లబ్ పేరుతో ఒక ట్రయల్ లేఖ చూపించి మూడున్నర లక్షలు తీసుకున్నాడు. తండ్రి తన ట్రాలీ ఆటో అమ్మాడు. ఆ లేఖను తర్వాత నేను చూశాను. పైన క్లబ్ ముద్ర ఉంది, కింద సంతకం ఉంది కానీ సంతకం చేసినవారి పేరు లేదు. కుర్రాడు వెళ్లేసరికి క్లబ్‌తో సంబంధం లేని ఒక అద్దె మైదానంలో తనలాంటివారే ఇరవైమంది ఉన్నారట. మూడు వారాలు వాళ్లలో వాళ్లనే ఆడించి, ఫలితం మెయిల్‌లో పంపుతామని చెప్పి పంపేశారు. అతను ఇప్పుడు సరుకులు చేరవేసే పని చేస్తున్నాడు, ఆట మానేశాడు. ఏజెంట్లకు ఫిఫా 2023 నుంచి మళ్లీ పరీక్ష, లైసెన్సు పెట్టింది. లైసెన్సు ఉన్నవారి పేర్లు ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క ఆ తండ్రికి ముందే చెప్పేవారు లేకపోయారు. జిల్లా స్థాయిలో ఆట నిర్వహించేవారు చేయవలసిన పనుల్లో ఇంతకన్నా తేలికైనది ఏముంది?

ఇంటి పరిస్థితి చూస్తే బయటికి దారి వెతకడం ఇప్పుడు మరీ అవసరమైంది. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, నాలుగేళ్లు తిరగకముందే ఊరు మారి ఢిల్లీ క్లబ్ అయిపోయింది. 2025 జూలైలో ఐఎస్‌ఎల్ నిర్వాహకులు తర్వాతి సీజన్‌నే నిలిపివేస్తున్నట్టు ప్రకటించేసరికి, ఎప్పుడు ఆడతామో తెలియక ఆటగాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. అలాంటప్పుడు క్లబ్‌లు తమ 19, 20 ఏళ్ల పిల్లలను చిన్న చిన్న విదేశీ లీగ్‌లకు అప్పుగానైనా పంపవచ్చు. విదేశీ క్లబ్ అడిగితే పెద్ద మొత్తం పట్టుబట్టకుండా వదిలిపెడతామని ఒప్పందంలోనే రాసి ఇవ్వవచ్చు. నార్వే, క్రొయేషియా, సైప్రస్ లాంటి చోట్ల క్లబ్‌లకు మన పిల్లల ఆట చూసే వీలే లేదు. అక్కడివారు ముందుగా అడిగేది పూర్తి మ్యాచ్ వీడియో. గోల్స్ మాత్రమే ఏరి కూర్చిన మూడు నిమిషాల ముక్కను వాళ్లు నమ్మరు. బంతి లేనప్పుడు ఆటగాడు ఎక్కడ నిలబడుతున్నాడో, గోల్ ఇచ్చేశాక తల ఎత్తుకుని పరుగెడుతున్నాడో లేదో వాళ్లకు కావాలి. మన రాష్ట్ర స్థాయి అమ్మాయిల మ్యాచ్‌లలో ఎన్నింటిని మొదటి నుంచి చివరిదాకా చిత్రీకరిస్తున్నారో, ఆ పోటీలు చూసినవారికి నేను చెప్పనక్కర లేదు.

మా మైదానానికి వచ్చే పిల్లల్లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె ఉంది, కుడి వింగ్‌లో ఆడుతుంది. సౌమ్యకు అవార్డు వచ్చిన వారం నేను వాళ్లందరికీ ఆమె గురించి చెబుతుంటే, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం ఆట అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "అన్నా, సౌమ్యక్క పోయిన ఊరి పేరేంది?" అని అడిగింది. జాగ్రెబ్ అన్నాను. "ఆడికి ఎట్ల పోవాలె?" అంది. తొలి ఎవరు, ఎన్నో స్థానం, ఏ రికార్డు అన్నది ఆమె అడగలేదు.

నాకు తెలిసింది చెప్పాను. పద్దెనిమిది నిండాలని, పాస్‌పోర్టు ముందే తీసి పెట్టుకోవాలని, డబ్బు అడిగినవాడిని నమ్మవద్దని, ఎడమ కాలు కూడా కుడి కాలంత రావాలని, మ్యాచ్‌లన్నీ పూర్తిగా వీడియో తీసి దాచాలని. చివరిది మా చేతిలో పని కాబట్టి ఆ నెలలోనే తలా కొంత వేసుకుని ఒక పొడవాటి ట్రైపాడ్ కొన్నాం. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, దాన్ని భుజాన వేసుకుని మైదానం మధ్య గీత దగ్గరికి మోసుకెళ్లి నిలబెట్టేది ఆ అమ్మాయే.